చెరువులో బోటు షికారు: ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ రివ్యూ

ఈ చెరువు పేరు రాయను. రాస్తే ఏమవుతుందో తెలుసు. ఎవరో ఒక విలేకరి చూస్తాడు, జిల్లా ఎడిషన్లో ఒక ముక్క వస్తుంది, మర్నాటికల్లా బోటు నడిపే కుర్రాణ్ణి పనిలోంచి తీసేస్తారు. ఆ రోజు అక్కడ నా మాట విన్నది వాడొక్కడే. మిగతావాళ్ళ ఉద్యోగాలకు ఢోకా ఉండదు. కాబట్టి ఊరూ పేరూ లేకుండానే రివ్యూ. మన రెండు రాష్ట్రాల్లో బోట్లు తిప్పే చెరువులు బోలెడున్నాయి, ఎవరికి వాళ్ళు తమ ఊరిదే అనుకుని చదువుకోవచ్చు.

నా గురించి రెండు ముక్కలు. ఒంగోలు మనిషిని. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఏ బండెక్కినా ముందు తలకాయలు లెక్కపెడతాను, తర్వాత ఇంజన్ చప్పుడు వింటాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

కార్తీకమాసం కదా అని ఒక ఆదివారం వనభోజనాలు పెట్టుకున్నాం. హైదరాబాదు నుంచి అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు వచ్చారు. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఆయన కుటుంబం కూడా కలిశారు. పులిహోర, గుత్తివంకాయ, ఉసిరికాయ పచ్చడి, దద్దోజనం, పూర్ణాలు ఇంట్లోనే చేసుకుని పట్టుకెళ్ళాం. అల్లూరయ్య మైసూర్‌పాక్ ఒక డబ్బా ఎలాగూ ఉండాల్సిందే, లేకపోతే హైదరాబాదు పిల్లలు ఒంగోలు వచ్చినట్టే ఒప్పుకోరు.

చెరువు మాత్రం చూడాల్సిందే. ఈసారి వానలు బాగా పడ్డాయి, అలుగు పారి నెల కూడా కాలేదు. కట్ట మీద వేపచెట్లు, చింతచెట్లు, లోపలివైపు రాతి రివిట్‌మెంటు. అవతలి ఒడ్డున తుమ్మచెట్ల మీద నత్తగుల్ల కొంగలు గుంపులుగా వాలి ఉన్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ మొండి కొయ్యల మీద కూర్చున్నాయి. మా మనవడు వాటిని చూసి, "తాతయ్యా, అవి హ్యాండ్సప్ అంటున్నాయి" అన్నాడు. చిన్నప్పుడు మా నాన్న కంభం చెరువు చూపించడానికి తీసుకెళ్ళాడు. విజయనగర రాజుల నాటిది, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. 2020లో దానికి అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. అంత పెద్దది కాదు గానీ, ఈ చెరువు కట్ట మీద నిలబడితే ఆ గాలే తగిలింది.

పార్కింగుకు కారుకు 50 తీసుకున్నారు. ఇచ్చిన చీటీ మీద తేదీ లేదు, బండి నంబరు లేదు. లోపలికి మనిషికి 20. మరుగుదొడ్లు ఆడవాళ్ళవైపు తాళం వేసి ఉన్నాయి, తాళంచెవి ఉన్నవాడు భోజనానికి వెళ్ళాడట. గంటన్నర భోజనం చేశాడు పుణ్యాత్ముడు. క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ బాగుంది, వాము సరిగ్గా పెట్టారు. నీళ్ళ బాటిలు మాత్రం దాని మీద అచ్చువేసిన ధరకు ఇవ్వలేదు. ఇవన్నీ మామూలే, వీటి కోసమైతే నేను కలం పట్టేవాణ్ణి కాదు.

అసలు సంగతి బోటు. ఫైబర్ బోటు, పైన రేకు పందిరి, వెనక పెట్రోలుతో నడిచే ఔట్‌బోర్డు ఇంజన్. పెద్దలకు 100, పిల్లలకు 60. కౌంటర్లో తెల్లకాగితం మీద రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చారు. సీరియల్ నంబరు లేదు. మా కండక్టరు ఎవరైనా ఇలాంటి టికెట్టు ఇచ్చి చెకింగ్ స్క్వాడ్‌కు దొరికితే ఆ సాయంత్రమే చార్జిషీటు. సీరియల్ నంబరు లేకపోవడం డబ్బుల గొడవ ఒక్కటే కాదు. బోటులో ఎంతమంది ఎక్కారన్నది రేపు ఏ కాగితమూ చెప్పదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు అందులో ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది. చివరికి 77 అని లెక్క తేల్చారు. 26 మంది బతికి బయటపడ్డారు.

బోటు లోపలి అంచున పసుపు పెయింటుతో ఏదో రాసి ఉంది. దాని మీద ఒక సెల్‌ఫోన్ షాపు ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ పైకెత్తి చూశాను. "పరిమితి 12 మంది." మేము కూర్చునేసరికి పదిహేడుమంది ఉన్నాం, ఇంకా ఒక కుటుంబం ఎక్కబోతోంది.

తర్వాత లైఫ్ జాకెట్లు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామందికి వీటిని ఎలా చూడాలో తెలీదు. నాకిచ్చిన జాకెట్టుకు మూడు పట్టీలు. ఒకదానికి బకిల్ ఉంది, ఒకదానికి మగభాగం మాత్రమే ఉంది, మూడోదానికి నైలాన్ తాడు కట్టారు. లోపలి ఫోమ్ ఎండిపోయి, వేలితో నొక్కితే పొడిపొడిగా నలిగింది. అప్పటికే నాలుగు ట్రిప్పులవాళ్ళ చెమట పీల్చిన వాసన. పిల్లల సైజు ఒక్కటీ లేదు. మా ఆరేళ్ళ మనవరాలికి పెద్దవాళ్ళది తొడిగి తాడు ముడేశారు. నేను జాకెట్టు భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగాను. జాకెట్టు నా చేతుల్లోకి వచ్చింది, పిల్ల కిందే నిలబడి నవ్వుతోంది. నీళ్ళలో పడితే జరిగేదీ అదే, జాకెట్టు పైకి, పిల్ల కిందకి. ఏ చెరువుకు వెళ్ళినా పిల్లలకు ఈ పరీక్ష చేయండి, క్షణం పట్టదు.

"దిగండి" అన్నాను మావాళ్ళందరితో. మా ఆవిడ మొహం ఎర్రబడింది, పదిమందీ చూస్తున్నారని. ఒకాయన, "భయమైతే ఇంట్లో కూర్చోవాలి పెద్దాయనా" అన్నాడు. నేను బోటు కుర్రాడి దగ్గరికెళ్ళాను.

"ఏం నాయనా, పన్నెండుకు మించి ఎట్టా ఎక్కిస్తున్నావు?"

"ఆదివారం ఇట్టాగే సార్. మా మేస్త్రి ఊరుకోడు."

"నేను నీ మేస్త్రితో మాట్లాడతాగానీ, తర్వాతి ట్రిప్పులో పన్నెండుమందినే ఎక్కించు. ఆ చివర కట్టలో కొత్త జాకెట్లు కనపడుతున్నాయి, అవి తియ్యి."

తీశాడు. నిజంగానే తీశాడు. అవి ఆఫీసర్లు వస్తే ఇవ్వడానికట. చిన్న సైజువి కూడా రెండున్నాయి అందులో. తర్వాతి ట్రిప్పులో పన్నెండుమందిమి వెళ్ళాం. ఇంజన్ చప్పుడు శుభ్రంగా ఉంది, ఎక్కడా మిస్ లేదు, ఆ కుర్రాడే సర్వీసింగ్ చేసుకుంటాడట. మలుపుల్లో నెమ్మదిగా తిప్పాడు, తామరాకులు ఉన్నచోట ఇంజన్ ఎత్తేసి తెడ్డు వేశాడు, ఫ్యానుకు తీగలు చుట్టుకోకుండా. వీడికి మా డిపోలో ఉద్యోగం ఇవ్వొచ్చు. కొంగలున్న తుమ్మచెట్ల దాకా తీసుకెళ్ళి, ఇంజన్ ఆపి, పిల్లలకు గూళ్ళు చూపించాడు. మా మనవరాలు ఆ పావుగంటా నోరెత్తలేదు, అది ప్రపంచ రికార్డు. నడిపినవాడికి అయిదుకు అయిదు స్టార్లు.

వాడి జీతం నెలకు తొమ్మిదివేలు. ఇచ్చేది కాంట్రాక్టరు కూడా కాదు. లీజు ఒకాయన పేరున ఉంది, ఆయన ఇంకొకాయనకు ఇచ్చాడు, ఆయన మేస్త్రిని పెట్టాడు. "మేస్త్రి పైన ఎవరో నాకు తెలీదు సార్" అన్నాడు.

ఒడ్డుకు రాగానే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. బోటుకు సర్వే సర్టిఫికెట్టు ఉందా అని అడిగాను. మోటారు బోటుకు రిజిస్ట్రేషను, సర్వే ఉండాలని 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం చెబుతోంది. బోటు భద్రత మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. బస్సుకు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఎలాగో, బోటుకు సర్వే అలాగ. మేస్త్రి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు ప్రెస్సా?" అన్నాడు. కాదన్నాను. "మరెందుకు మీకు?" అన్నాడు. కాగితాలు ఆఫీసులో ఉంటాయన్నాడు. ఆఫీసు ఎక్కడంటే టౌన్లో. ఆఫీసు నంబరు గేటు దగ్గర బోర్డు మీద ఉంది, చేస్తే ఎత్తినాయన తనకు బదిలీ అయి ఏడాది దాటిందని, ఇప్పుడు ఎవరు చూస్తున్నారో తనకు తెలీదని చెప్పాడు. పాపం మర్యాదగానే మాట్లాడాడు, రోజూ ఇలాంటి ఫోన్లు వస్తాయట.

గేటు దగ్గర ఆ బోర్డు పక్కనే ఉంది శిలాఫలకం. నల్ల గ్రానైటు, బంగారురంగు అక్షరాలు, ఇంకా మెరుపు పోలేదు. గౌరవ మంత్రివర్యులు, గౌరవ పార్లమెంటు సభ్యులు, గౌరవ శాసనసభ్యులు, కలెక్టరు, ఈఈ, డీఈ, ఏఈ, చివరికి సర్పంచి. అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి, ఒక్క అక్షరం తప్పు లేదు. ఇది ప్రారంభోత్సవం రాయి. శంకుస్థాపన రాయి వేరే ఉంది. అది అంతకుముందు ప్రభుత్వంలో వేసింది కాబట్టి, ఊడపీకి మరుగుదొడ్ల వెనక గోడకు ఆనించారు. మా బావమరిది మరుగుదొడ్డి తాళం కోసం తిరుగుతూ దాన్ని కనిపెట్టాడు. అందులోనూ అంతే వరస, మనుషులే మారారు.

పదిమంది పేర్లు చెక్కడానికి చోటున్న గోడ మీద, "ఈ బోట్ల భద్రతకు బాధ్యులు ఫలానా" అని ఒక్క పేరు లేదు. నా రివ్యూ అంతా ఈ ఒక్క మాట కోసమే.

భోజనాల దగ్గర దీని మీదే పెద్ద వాదన నడిచింది. మా బావమరిది సోషల్ మాస్టారు కాబట్టి 1956కు వెళ్ళిపోయాడు. మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోతే వందమందికి పైగా పోయారు, రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చాడు, నెహ్రూ తీసుకోలేదు, ఆ నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్ళీ ఇస్తే తీసుకున్నాడు. "అట్టాంటోళ్ళు ఇప్పుడేరి బావా?" అన్నాడు.

మా అల్లుడు నెమ్మదస్తుడు, కానీ ఊరుకోలేదు. "ఆయన రాజీనామా చేశాక రైలు ప్రమాదాలు ఆగాయా మావయ్య గారూ? మంత్రి ఇంటికెళ్తే ఈ పాపకు సైజు జాకెట్టు వస్తుందా?" అని నన్నడిగాడు, మాస్టారిని అడగలేక.

అల్లుడి మాటలో పస ఉంది. రాజీనామాలు నేనూ అడగను. రాజీనామా చేసిన మంత్రికి దండలు పడతాయి, రెండేళ్ళలో ఇంకో శాఖ దొరుకుతుంది. కానీ "మంత్రికీ బోటుకీ ఏం సంబంధం" అనే మాటతో కూడా నాకు పేచీ ఉంది. సంబంధం లేకపోతే రాయి మీద పేరెందుకు? రిబ్బను కత్తిరించిన రోజున ఉన్న సంబంధం బోటు మునిగిన రోజున ఎక్కడికి పోతుంది?

ఒంగోలువాళ్ళకు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. 2017 నవంబరు 12, అదీ కార్తీక ఆదివారమే. మా ఊరి వాకర్స్ క్లబ్బువాళ్ళు కుటుంబాలతో విజయవాడ వెళ్ళారు. కృష్ణలో బోటెక్కి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూద్దామని బయల్దేరారు. బోటు తిరగబడింది. 22 మంది పోయారు, ఎక్కువమంది మా ఊరివాళ్ళే. ఆ బోటుకు అనుమతే లేదని తర్వాత తెలిసింది. అనుమతి లేని బోటు పట్టపగలు జనాన్ని ఎక్కించుకుని అంతదూరం ఎలా వెళ్ళిందో ఆ వారమంతా ఒంగోలులో ప్రతి టీకొట్టు దగ్గరా అడిగారు. అప్పుడు చంద్రబాబు ప్రభుత్వం. తర్వాతి ఏడాది మే నెలలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఇంకో లాంచీ మునిగింది. ఆ తర్వాతి ఏడాది కచ్చులూరు, అప్పుడు జగన్ ప్రభుత్వం. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోతుంటే బోటు బయల్దేరింది. ఆపాల్సినవాళ్ళు ఒడ్డున లేరా, ఉండీ ఆపలేదా? బోటు యజమానిని అరెస్టు చేశారు. నడిపినవాళ్ళు ఆ బోటుతోనే పోయారు. మునిగిన బోట్లు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును బయటికి లాగింది, నెల దాటాక. అందరం టీవీల ముందు కూర్చుని చూశాం. ఆ తర్వాత కంట్రోల్ రూములు పెడతామని చెప్పి 9 చోట్ల శంకుస్థాపన చేశారు. మళ్ళీ రాళ్ళే.

ఇదేదో మన రాష్ట్రం జబ్బనుకోకండి. గుజరాత్‌లో మోర్బీ వేలాడే వంతెన 2022 అక్టోబరు 30న తెగి 135 మంది పోయినప్పుడు, మొదట అరెస్టు చేసిన తొమ్మిదిమందిలో టికెట్లు అమ్మే గుమాస్తాలు, సెక్యూరిటీ గార్డులు ఉన్నారు. వంతెన కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ పెద్దాయన కోర్టుకు లొంగిపోయేసరికి జనవరి ఆఖరయింది. మా ఆర్టీసీని వదిలిపెట్టాననుకోవద్దు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో దాదాపు వందమంది ఉన్నారు. డిపో మేనేజరును సస్పెండ్ చేశారు. ఆ రూటులో బస్సులు చాలక జనం అలా కుక్కుకుని వెళ్తున్నారన్నది డిపో మేనేజరు ఒక్కడు తీర్చగలిగే సంగతా? కొత్త బస్సులు కొనే సంతకం ఆయన చేతిలో ఉండదని గ్యారేజీలో స్వీపరుకు కూడా తెలుసు.

డిపోలో మాకు ఒక పద్ధతి ఉండేది. బస్సు గేటు దాటాలంటే లాగ్‌షీటు మీద మెకానిక్ సంతకం ఉండాలి. బ్రేకు నేను చూస్తే నా పేరు, టైర్లు ఇంకొకడు చూస్తే వాడి పేరు. దార్లో ఏదైనా అయితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు ఆ కాగితమే అడుగుతాడు. జీతం పెద్దదేం కాదు, అయినా రాత్రి డ్యూటీలో చలికి వణుకుతూ కూడా బండి కిందికి దూరి చూసేవాళ్ళం, ఎందుకంటే కింద పేరు రాయాలి. అదే పద్ధతి చెరువు దగ్గర పెట్టమంటున్నాను, అంతకంటే గొప్ప కోరిక ఏం లేదు. గేటు దగ్గర ఒక నల్లబోర్డు, సుద్దముక్కతో రాసినా చాలు: ఈ రోజు బోట్లు చూసింది ఫలానా, లీజు ఫలానావారిది, గడువు ఇంతవరకు, సర్వే ఫలానా తేదీన, పర్యవేక్షించే అధికారి ఫలానా, ఫోను ఇది. బదిలీ అయితే తుడిచి కొత్త పేరు రాయాలి. గ్రానైటు అక్కర్లేదు.

మా బావమరిది దీనికి, "అట్టా రాస్తే ఏ ఆఫీసరూ ఆ పోస్టుకు రాడు బావా" అన్నాడు. రాకపోతే బోట్లు ఆగుతాయి. ఆగనీ. కొంగల్ని కట్ట మీంచి కూడా చూడొచ్చు.

ఇంటికొచ్చాక సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను, 10 రూపాయల ఫీజుతో. మూడే అడిగాను: లీజు ఒప్పందం నకలు, బోటు సర్వే సర్టిఫికెట్టు నకలు, భద్రత చూడాల్సిన అధికారి పేరూ హోదా. నిజానికి మూడోది అడగాల్సిన పనే లేదు. ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం అధికారుల పేర్లు, వాళ్ళ బాధ్యతలు ఆఫీసులే తమంతట తాము బయటపెట్టాలి. 2005 నుంచి ఉంది ఆ రూలు. నా దరఖాస్తు తీసుకున్న గుమాస్తా కూడా, "మీరు ప్రెస్సా సార్?" అన్నాడు.

జవాబివ్వడానికి వాళ్ళకు 30 రోజుల గడువుంది. వస్తే ఈ రివ్యూలో చేరుస్తాను, రాకపోతే అప్పీలుకు వెళ్తాను, మా అల్లుడు ఫారం నింపి పెడతానన్నాడు. అప్పటిదాకా చెరువుకు అయిదు, కుర్రాడికి అయిదు, బజ్జీకి నాలుగు. బోటు షికారుకు రెండు, అదీ ఆ చివర కట్టలోని కొత్త జాకెట్లు అడిగి తీయించుకునేవాళ్ళకు మాత్రమే.